కోర్టులను కనిపెట్టుకుని ఉండేవారు

భయానికి గానీ, పక్షపాతానికి గానీ, రాగద్వేషాలకు గానీ లొంగకుండా పనిచేస్తామని హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పదవి చేపట్టేనాడు ప్రమాణం చేస్తారు. ఆ ప్రమాణ పాఠం రాజ్యాంగం మూడో షెడ్యూలులో ఉంది. న్యాయవ్యవస్థ నిజాయితీకి మొదటి అర్థం అదే. అయితే జడ్జి ముందుకు ఏ కేసు వస్తుందో, ఏ కాగితం వస్తుందో, ఎవరి వాంగ్మూలం మధ్యలోనే ఆగిపోతుందో ఆయన చేతిలో ఉండదు. ఎఫ్‌ఐఆర్ రాసే పోలీసు, శవపరీక్ష చేసే డాక్టరు, వాదించే ప్లీడరు, సాక్ష్యం చెప్పే కూలీ, తర్జుమా చేసే గుమస్తా, వీళ్లందరినీ దాటుకుని వస్తేనే నిజం బెంచీ దాకా చేరుతుంది. ఆ దారిలో ఒకచోట అడ్డు పడితే చాలు, ఎంత నీతిమంతుడైన జడ్జి కలం నుంచైనా తప్పుడు తీర్పు వెలువడవచ్చు.

ఆ దారిని తెరిచి ఉంచే పని ప్రభుత్వంలో లేనివాళ్లు చాలామంది చేస్తుంటారు. హక్కుల సంఘాలు, దళిత, గిరిజన, మహిళా సంఘాలు, ఫీజు తీసుకోకుండా వాదించే వకీళ్లు, కోర్టు వార్తలు రాసే విలేకరులు, ఏ సంఘంలోనూ లేకుండా సొంతంగా పిటిషన్ వేసే పౌరులు అందులో ఉన్నారు. వీరందరినీ కలిపి పౌరసమాజం అంటున్నారు. గడిచిన పుష్కర కాలంలో తిరుపతి చుట్టుపక్కల జరిగిన మూడు వ్యవహారాలను వరుసగా చూస్తే, వీరు చేసే పని ఏమిటో, అది ఎంతవరకు వెళ్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది.

మూడు వందల మంది, ఒకే కేసు

ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రధానంగా తూర్పు కనుమల దక్షిణ భాగంలో, శేషాచలం, పాలకొండ, వెలికొండ కొండల్లో. దానికి విదేశాల్లో ఉన్న గిరాకీ వల్ల దొంగ రవాణా పెద్ద వ్యాపారమైంది. చెట్టు నరకడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తమిళనాడులోని తిరువణ్ణామలై, ధర్మపురి, వేలూరు, సేలం ప్రాంతాల పేదలు. జవ్వాదు కొండల గిరిజనులు వారిలో చాలామంది. దుంగలు కొనే వ్యాపారి అడవిలోకి రాడు. దొరికేది కూలీయే.

2013 డిసెంబరులో శేషాచలం అడవిలో విధుల్లో ఉన్న ఇద్దరు అటవీ అధికారులను దుండగులు చంపేశారు. ఘోరమైన నేరం అది. ఆ తర్వాత పోలీసులు అడవి చుట్టుపక్కల దొరికిన తమిళ కూలీలను పెద్ద ఎత్తున అరెస్టు చేసి, దాదాపు మూడు వందల మందిని ఒకే హత్య కేసులో నిందితులుగా చూపారు. రెండేళ్లకు పైగా వాళ్లు జైళ్లలోనే మగ్గారు.

విచారణ పూర్తికాకుండానే అంతకాలం జైల్లో ఉంచగలగడానికి కారణం చట్టంలోని కఠినత్వం ఒక్కటే కాదు. నిందితులకు తమిళం తప్ప రాదు. ఎఫ్‌ఐఆర్, రిమాండు రిపోర్టు తెలుగులో ఉంటాయి, చట్టం, తీర్పులు ఇంగ్లీషులో. బెయిలు దొరికినా జామీను ఇచ్చేవాళ్లు కావాలి. కొండల్లో అరెకరం భూమి లేని కుటుంబం చిత్తూరు జిల్లాలో ఇల్లూ భూమీ ఉన్న మనిషిని ఎక్కడి నుంచి తెస్తుంది? వేరే జిల్లాలో ఆస్తి ఉందన్న కారణంతో జామీనుదారును తిరస్కరించకూడదని, పేదలకు మోయలేని పూచీకత్తు అడగకూడదని 1978లోనే మోతీరాం కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. ఆ తీర్పు ఉన్నా, దాన్ని జడ్జి ముందు పెట్టి అడిగే ప్లీడరు లేకపోతే ఆ కూలీకి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

అలా అడిగేవాళ్లు రెండు వైపుల నుంచీ వచ్చారు. తిరుపతిలో ఉన్న పౌరహక్కుల న్యాయవాదులు ఒకవైపు, తమిళనాడు హక్కుల సంఘాలు మరోవైపు. జైళ్లకు వెళ్లి ఒక్కొక్కరి వివరాలు రాసుకోవడం, కుటుంబాలకు కబురు చేయడం, వాయిదాలకు హాజరవడం, ఎవరు ఎక్కడ పట్టుబడ్డారో కాగితాల మీద చూపించడం, ఈ పనులన్నీ వాళ్లు చేశారు. పేపర్లో ఫొటో పడే పనులు కావు అవి. 2016లో తిరుపతి కోర్టు నేరం రుజువు కాలేదని నిందితులను విడుదల చేసింది.

ఈ కేసులో నష్టపోయింది ఒక్క కూలీలే అనుకోవడం సరికాదు. విధుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న ఇద్దరు అధికారుల కుటుంబాలకు కూడా న్యాయం దక్కలేదు. మూడు వందల మందిని గుంపుగా నిలబెట్టినప్పుడు, అసలు దెబ్బ కొట్టింది ఎవరన్న ప్రశ్నే కొట్టుకుపోయింది. హక్కుల సంఘాలు నిందితుల పక్షం వహిస్తాయన్న విమర్శ తరచూ వినిపిస్తుంది. ఈ కేసులో అవి అడిగింది ప్రతి మనిషి మీదా వేరువేరుగా సాక్ష్యం చూపమని. ఆ పని దర్యాప్తులోనే జరిగి ఉంటే హంతకులు దొరికే అవకాశమూ ఉండేది.

2015 ఏప్రిల్ 7

రెండో వ్యవహారం దేశమంతా తెలిసినదే. 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి మండలం పరిధిలో, శ్రీవారి మెట్టుకు దగ్గరలోని అడవిలో రెండు చోట్ల ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. రాళ్లతో, గొడ్డళ్లతో తమ మీద దాడి జరిగిందని, ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు చెప్పారు. ముందురోజే బస్సుల్లోంచి దించి తీసుకెళ్లారని మృతుల తరఫువారు, హక్కుల సంఘాలు ఆరోపించాయి.

ఈ రెండు కథనాల్లో ఏది నిజమో తేల్చాల్సింది ఎవరు? న్యాయవ్యవస్థ నిజాయితీ అంతా ఈ ప్రశ్న చుట్టూనే ఉంది. చనిపోయినవాళ్ల మీద హత్యాయత్నం కేసు పెట్టి, నిందితులు మరణించారు కనుక ఫైలు మూసేయడం అంతకుముందు దశాబ్దాల ఆనవాయితీ. ఆత్మరక్షణ అన్నది చట్టం ఒప్పుకునే మినహాయింపే. కానీ మినహాయింపు కోరేవాళ్లే దాన్ని మంజూరు చేసుకుంటే కోర్టుకు చోటెక్కడ?

ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం హైదరాబాద్‌లోని అప్పటి ఉమ్మడి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. మృతదేహాలను భద్రపరచాలని, మళ్లీ శవపరీక్ష చేయాలని కొన్ని కుటుంబాలు కోర్టుల తలుపు తట్టాయి. హైకోర్టు గట్టిగా అడిగాక, మృతుల్లో ఒకరి భార్య ఫిర్యాదు మీద చంద్రగిరి పోలీసులు గుర్తుతెలియని పోలీసుల మీద హత్య కేసు నమోదు చేశారు. కొన్ని మృతదేహాలకు రెండోసారి శవపరీక్ష జరిగింది. మదురై కేంద్రంగా పనిచేసే పీపుల్స్ వాచ్ సంస్థ, ప్రాణాలతో మిగిలిన సాక్షులను ఢిల్లీ తీసుకెళ్లి జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు నిలబెట్టింది. సాక్షులకు రక్షణ కల్పించాలని కమిషన్ ఆదేశించింది. తర్వాత కుటుంబాలకు తలా 5 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం, సీబీఐ దర్యాప్తు సిఫార్సు చేసింది. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది, కమిషన్ సిఫార్సులను హైకోర్టులో సవాలు చేసింది.

పదేళ్లు దాటినా ఈ కాల్పులకు ఎవరికీ శిక్ష పడలేదు. ఆ మాట దాచకూడదు. కమిషన్ సిఫార్సు చేయగలదే గానీ అమలు చేయించలేదు, ఆ అధికారం పార్లమెంటు దానికి ఇవ్వలేదు. పిటిషన్ వేసిన సంఘానికి దర్యాప్తు చేసే సాధనాలు లేవు. అయినా, చనిపోయిన కూలీలను మాత్రమే నిందితులుగా చూపే ఫైలు పక్కన, చంపినవాళ్ల మీద హత్య ఆరోపణతో ఇంకో ఫైలు తెరుచుకుంది. సాక్షుల మాటలు ప్రమాణపూర్వకంగా నమోదయ్యాయి. ఎప్పటికైనా ఒక కోర్టు ఈ కేసును తేల్చదలిస్తే చదవడానికి కాగితం ఉంది. ఆ కాగితం వారం రోజుల్లో పుట్టకపోతే ఆ తర్వాత ఎన్నటికీ పుట్టేది కాదు.

ఈ అలవాటు ఎక్కడిది

తిరుపతి న్యాయవాదులకు ఈ పద్ధతి కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం 1970ల తొలి సగంలో పుట్టింది, శ్రీశ్రీ దాని తొలి అధ్యక్షుడు. ఎమర్జెన్సీ తర్వాత కె.జి. కన్నబిరాన్ నాయకత్వంలో ఎన్‌కౌంటర్ మరణాలను ఊరూరా తిరిగి నమోదు చేసే పద్ధతిని అది అలవరచుకుంది. గణిత శాస్త్రంలో డాక్టరేట్ చేసిన కె. బాలగోపాల్ వరంగల్‌లో అధ్యాపక ఉద్యోగం వదిలి సంఘానికి కార్యదర్శిగా పనిచేశారు, 1998లో మానవహక్కుల వేదిక ఏర్పాటులో ముందున్నారు. నిజనిర్ధారణ కమిటీ నివేదికలు తెలుగునాట ఒక ప్రత్యేకమైన రచనగా రూపుదిద్దుకున్నది వీరి చేతుల్లోనే. తారీఖు, చోటు, సాక్షి మాట, పోలీసు మాట, రెండింటి మధ్య తేడా, ఇంతే ఉంటుంది అందులో. ఆ పనికి వాళ్లు మూల్యం చెల్లించారు. వరంగల్‌లో పిల్లల వైద్యుడు, సంఘం నాయకుడు డాక్టర్ ఎ. రామనాథంను 1985లో తన క్లినిక్‌లోనే చంపారు.

ఆ కృషికి పెద్ద ఫలితం 2009 ఫిబ్రవరి 6న వచ్చింది. ఐదుగురు న్యాయమూర్తుల హైకోర్టు ధర్మాసనం, పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోయిన ప్రతిసారీ కేసు నమోదు చేయాలని, ఆత్మరక్షణ అన్న వాదన విచారణలోనే తేలాలని తీర్పు చెప్పింది. పోలీసు అధికారుల సంఘం అప్పీలు మీద సుప్రీంకోర్టు దాని అమలును నిలిపేసింది. అదే ఏడాది అక్టోబరులో బాలగోపాల్, మరుసటి ఏడాది డిసెంబరులో కన్నబిరాన్ కన్నుమూశారు. 2014 సెప్టెంబరులో పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ వేసిన మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు, ఎన్‌కౌంటర్ మరణాల దర్యాప్తుకు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి. సంబంధం లేని పోలీసు బృందం దర్యాప్తు చేయాలి. మెజిస్టీరియల్ విచారణ జరగాలి. 2015 నాటి శేషాచలం కాల్పులు ఆ తీర్పు వచ్చి ఏడు నెలలైనా తిరగకముందే జరిగాయి.

జనాభిప్రాయానికి ఎదురు నిలవడం అన్నిటికంటే కష్టమైన పరీక్ష. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగాయి. డిసెంబరు 6న నిందితులు నలుగురూ చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పుల్లో చనిపోయారు. రాష్ట్రమంతా పోలీసుల మీద పూలు చల్లింది. ఆ రోజే కొందరు మహిళా హక్కుల కార్యకర్తలు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు, దాని ఆధారంగా కోర్టు మృతదేహాలను భద్రపరచమంది. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని ఆ నివేదిక చెప్పింది. ఆడపిల్లల కోసం జీవితకాలం కొట్లాడిన స్త్రీలే నిందితుల విచారణ హక్కు కోసం లేఖ రాశారు. కోర్టు అనే వ్యవస్థ మీద అంత నమ్మకం ఉన్నవాళ్లు కోర్టు లోపల కూడా తక్కువే ఉంటారు.

పరకామణి, లోక్ అదాలత్

మూడో వ్యవహారం తిరుమలది, ఇది నేరుగా న్యాయప్రక్రియ మీదకే వెళ్లింది. శ్రీవారి హుండీ కానుకలను లెక్కించే చోటును పరకామణి అంటారు. 2023 ఏప్రిల్‌లో అక్కడ ఒక మఠం తరఫున పనిచేస్తున్న గుమస్తా విదేశీ నోట్లు దాచుకుంటూ దొరికారని తిరుమల తిరుపతి దేవస్థానం విజిలెన్స్ అధికారి ఫిర్యాదు చేశారు. ఆ కేసు అదే ఏడాది సెప్టెంబరులో లోక్ అదాలత్‌లో రాజీతో ముగిసింది. నిందితుడి కుటుంబం తమ ఆస్తుల్లో కొన్నింటిని దేవస్థానానికి రాసిచ్చింది.

లోక్ అదాలత్ 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద నడుస్తుంది. చెల్లని చెక్కులు, మోటారు ప్రమాదాల పరిహారం, అన్నదమ్ముల పంపకాలు, చిన్న చిన్న తగాదాలు ఖర్చు లేకుండా తేలే చోటు అది. లక్షల మంది పేదలకు మేలు చేసింది. అది ఇచ్చే అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. అందుకే చట్టం ఒక గట్టి హద్దు పెట్టింది. రాజీకి వీల్లేని నేరాలు లోక్ అదాలత్ పరిధిలోకి రావు.

తిరుపతికి చెందిన ఒక పాత్రికేయుడు ఆ హద్దును పట్టుకున్నారు. భక్తుల సొమ్ము విషయంలో జరిగిన నేరం రాజీ చేసుకోదగినదేనా, ఫిర్యాదు చేసిన అధికారికి దేవస్థానం తరఫున రాజీపడే అధికారం ఎవరిచ్చారు అన్న ప్రశ్నలతో వ్యవహారం హైకోర్టుకు చేరింది. 2025లో హైకోర్టు రికార్డులను స్వాధీనం చేసుకోవాలని, లోతుగా దర్యాప్తు చేయాలని సీఐడీని ఆదేశించింది. ఆ దర్యాప్తు నడుస్తుండగానే, నవంబరులో, అసలు ఫిర్యాదు చేసిన అధికారి తాడిపత్రి సమీపంలో రైలు పట్టాల పక్కన చనిపోయి కనిపించారు. సాక్షుల రక్షణ ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన సందర్భం ఉండదు.

దోషం ఎవరిదో తేల్చడం దర్యాప్తు సంస్థల, కోర్టుల పని. అప్పీలు లేని ఉత్తర్వును మళ్లీ పరిశీలించే దారి రాజ్యాంగం 226, 227 అధికరణాల కింద హైకోర్టుకు మాత్రమే ఉంది. రాజీకి ఒప్పుకున్న రెండు పక్షాలూ ఆ దారిలో వెళ్లవు కదా. బయటివాడు ఒకడు వెళ్లకపోతే ఆ తలుపు ఎవరూ తట్టరు.

జడ్జీలను అడిగేదెవరు

ఇంతవరకు చెప్పినవి కోర్టుకు నిజాన్ని చేర్చే పని. కోర్టులో కూర్చున్నవారి నడవడిని అడగడం అంతకంటే సున్నితమైనది. కింది కోర్టుల జడ్జీల మీద అజమాయిషీ 235వ అధికరణం కింద హైకోర్టుది, హైకోర్టుల్లో అందుకు విజిలెన్స్ విభాగం ఉంటుంది. అది పనిచేసిన సందర్భమూ తెలుగువారికి తెలుసు. అనంతపురం జిల్లా ఓబుళాపురం గనుల కేసులో బెయిలు కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణపై 2012లో హైదరాబాద్ సీబీఐ ప్రత్యేక కోర్టు జడ్జిని హైకోర్టు సస్పెండ్ చేసింది. ఏసీబీ అరెస్టు చేసింది.

హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులను తొలగించాలంటే లోక్‌సభలో 100 మంది గానీ, రాజ్యసభలో 50 మంది గానీ సంతకాలతో మొదలుపెట్టి, విచారణ కమిటీ, రెండు సభల ప్రత్యేక మెజారిటీ దాకా వెళ్లాలి. 1993లో జస్టిస్ వి. రామస్వామి మీద తీర్మానాన్ని ఓటింగు దాకా నడిపించింది న్యాయవాదులు, విశ్రాంత న్యాయమూర్తులు కలిసి పెట్టుకున్న జవాబుదారీ కమిటీ పట్టుదలే. 196 ఓట్లు అనుకూలంగా పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు, 205 మంది ఓటింగుకు దూరంగా ఉన్నారు. తీర్మానం వీగిపోయింది.

ఆస్తుల వెల్లడి కథ ఇంకా ఆసక్తికరం. ఢిల్లీలో బట్టల వ్యాపారం చేసే ఒక పౌరుడు సమాచార హక్కు చట్టం కింద న్యాయమూర్తుల ఆస్తుల ప్రకటనల గురించి దరఖాస్తు పెట్టారు. పదేళ్లకు పైగా సాగిన ఆ వివాదంలో 2019 నవంబరు 13న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, భారత ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం కూడా సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తుందని తేల్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ఒకరి నివాసంలో కాలిన నోట్ల వ్యవహారం రేగాక, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఆస్తులను ప్రజలకు వెల్లడించాలని నిర్ణయించుకున్నారు, మేలో వివరాలు వెబ్‌సైటులో పెట్టారు. న్యాయమూర్తుల నియామకాల్లో గోప్యతను 2015 అక్టోబరులో జాతీయ న్యాయ నియామకాల కమిషన్ కేసులో జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒక్కరే భిన్నమైన తీర్పుతో నిలదీశారు. న్యాయమూర్తులను ఎంపిక చేసే సీనియర్ జడ్జీల బృందమైన కొలీజియం తీర్మానాలను 2017 నుంచి బయటపెట్టడం మొదలైంది.

విమర్శకూ దూషణకూ తేడా చెరిగిపోతే ఈ పనంతా దెబ్బతింటుంది. 2020లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తుల మీద సామాజిక మాధ్యమాల్లో బూతులు, బెదిరింపులు వెల్లువెత్తాయి. కోర్టు ధిక్కార నోటీసులు ఇచ్చి, చివరికి దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. తీర్పు నచ్చలేదని జడ్జి కులాన్ని, కుటుంబాన్ని తిట్టడం పౌరసమాజం పని కాదు, దానికి సరిగ్గా వ్యతిరేకం. తీర్పులోని తర్కాన్ని పట్టి చూపడం వేరు. ధిక్కార చట్టానికి 2006లో చేసిన సవరణ ప్రకారం, ప్రజాప్రయోజనం కోసం చెప్పిన నిజం కూడా కోర్టు అంగీకరించదగిన సమాధానమే.

దూరం కూడా అన్యాయమే

రాయలసీమలో న్యాయ సంస్కరణ అంటే మొదట గుర్తొచ్చేది హైకోర్టు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టు రెండూ ఒకే ప్రాంతానికి దక్కకూడదు. 1953లో కర్నూలు రాజధాని అయింది, ఆ తర్వాత గుంటూరుకు హైకోర్టు వచ్చింది. 1956లో రెండూ హైదరాబాద్ చేరాయి. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన స్థానం అమరావతి. చిత్తూరు నుంచి అక్కడికి నాలుగు వందల కిలోమీటర్లకు పైచిలుకే. కుప్పం వాళ్లకైతే బెంగళూరు, మద్రాసు హైకోర్టులే దగ్గర. బెయిలు పిటిషన్ కోసం వెళ్లే కుటుంబానికి ఈ దూరం అంటే రెండు రోజుల కూలీ పోవడం, బస్సు ఛార్జీలు, తెలియని ఊళ్లో ప్లీడరును వెతుక్కోవడం. సీమ న్యాయవాదులు, విద్యార్థి సంఘాలు దశాబ్దాలుగా అడుగుతున్న డిమాండు మీద, 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం శాసనసభ తీర్మానం చేసింది.

ఈ ఉద్యమంలోనే ఒక లోపమూ ఉంది. హైకోర్టు కోసం న్యాయవాదులు రోజుల తరబడి కోర్టులు బహిష్కరించినప్పుడు, జైల్లో ఉన్న రిమాండు ఖైదీకి వాయిదా పోతుంది. న్యాయవాదులకు సమ్మె చేసే హక్కు లేదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయం దగ్గరికి రావాలని అడిగేవాళ్లు, ఉన్న న్యాయాన్ని ఆపి అడగడం కక్షిదారు మీద భారం మోపడమే.

కోర్టే జనం దగ్గరికి వచ్చిన సందర్భం ఒకటి ఉంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో దళితుల ఊచకోత జరిగాక, బాధితులు, దళిత సంఘాలు విచారణ తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టారు. సాక్షులు జిల్లా కేంద్రానికి వెళ్లి రావడంలోనే భయపడి వెనక్కి తగ్గుతారని వాళ్లకు తెలుసు. చివరికి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు వెలిసింది, 2007 జులైలో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. బాధితులకు అది తీరని దెబ్బ. అయినా, సాక్షి దగ్గరికి కోర్టు వెళ్లవచ్చన్న మాట తెలుగునేల మీద రుజువైంది.

తిరుపతిలో 2022లో ఎర్రచందనం కేసుల కోసం ప్రత్యేక కోర్టులు మొదలయ్యాయి. విచారణ వేగం పెరగడం మంచిదే. కానీ వేగం నిందితుడికి అర్థమయ్యే భాషలో, సమర్థుడైన వకీలుతో నడిచినప్పుడే న్యాయమవుతుంది. తమిళం తెలిసిన దుబాసీ, జైలుకు వెళ్లి మాట్లాడే న్యాయసహాయ ప్లీడరు, వేరే రాష్ట్రపు జామీనును అంగీకరించే అలవాటు, ఈ మూడూ లేకుండా వేగం పెంచితే 2013 నాటి పొరపాటు త్వరగా జరుగుతుంది, అంతే.

పౌరసమాజం ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న న్యాయమైనదే. ప్రచారం కోసం, పగ కోసం వేసే ప్రజాప్రయోజన వ్యాజ్యాలు ఉన్నాయి, కోర్టులు వాటికి జరిమానాలు వేస్తున్నాయి. టీవీ చర్చల్లోనే తీర్పు చెప్పేసే ధోరణీ ఉంది. నమ్మదగిన సంఘాన్ని గుర్తుపట్టే పద్ధతి ఒకటే. అది తన నివేదికలో ఎదుటిపక్షం మాటను కూడా రాస్తుంది, తమవాళ్లకు వ్యతిరేకంగా వచ్చిన సాక్ష్యాన్ని దాచదు, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది, ఫలానా తీర్పే రావాలని పట్టుబట్టకుండా సరైన విచారణ జరగాలని అడుగుతుంది.

ఇందులో సంఘంతో సంబంధం లేని సామాన్యుడికీ చోటుంది. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలు, ఒకటికి మించి కేసులు ఉన్న సందర్భాలు మినహాయిస్తే, గరిష్ఠ శిక్షాకాలంలో సగం జైల్లో గడిపిన విచారణ ఖైదీని, గతంలో ఏ నేరానికీ శిక్ష పడనివారైతే మూడో వంతు గడిపినవారిని సాధారణంగా బెయిలు మీదో బాండు మీదో విడుదల చేయాలి. జైల్లో ఉన్నది ఎవరి అన్నో తమ్ముడో అయితే, ఆ లెక్క వేసి ప్లీడరుకు చెప్పడానికి చట్టం చదవనక్కరలేదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో కేసు నంబరు కొడితే వాయిదా తేదీ, ఉత్తర్వుల నకలు కనిపిస్తాయి. 2023లో తెలంగాణ హైకోర్టు తొలిసారి తెలుగులో తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగు అనువాదంలో దొరుకుతున్నాయి. చిత్తూరులో గానీ, తిరుపతిలో గానీ, మదనపల్లెలో గానీ, అత్యాచారం, పిల్లల మీద లైంగిక నేరాలు వంటి కొన్ని కేసులు తప్ప, ఏ కోర్టు హాల్లోనైనా ఎవరైనా వెళ్లి వెనక బల్ల మీద కూర్చుని విచారణ వినవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అడగనవసరం లేదు.